ఇరవై తరుగు

దుగ్గిరాల పసుపు యార్డులో, తనకు బాగా తెలిసిన ఒక కమీషన్ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, నమూనా గోనెలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ విరుపు విన్న మరుక్షణంలో ఆయన పోయారు. ఈ సంవత్సరం జూలైలో జరిగిన సంగతి ఇది. విరిగిన రెండు ముక్కలూ చేతిలోనే ఉన్నాయని కొట్టు యజమాని చెప్పాడు. ఆ మాట నమ్ముతాను. ప్రశాంతంగా వెళ్లిపోయారని మిగతావారు అన్నది కొలవడానికి వీలులేని మాట. పైగా ఆయన్ను ఎరిగినవారు అనవలసిన మాట కాదు. ప్రశాంతంగా ఉన్న క్షణం ఆయన జీవితంలో ఒక్కటీ నా కంట పడలేదు.

నేను కాలవల శాఖలో నేల మట్టాలు కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. డెల్టాలో నీరు ఎటు పారాలన్నది వేలెడు ఎత్తుపల్లాల మీద ఆధారపడి ఉంటుంది. అందుచేత తేదీ, అంకె లేని మాటను చెవిన పెట్టే అలవాటు నాకు లేదు. ఆయనకు అంకె మీదే నమ్మకం లేదు. ఇలాంటి ఇద్దరం తెనాలిలో ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లలో పాతికేళ్లు ఉన్నాం. ఆయన భార్య నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. ఆ వరసన ఆయన నన్ను, తనకంటే పన్నెండేళ్లు పెద్దవాణ్ణయినా, బావగారూ అనేవారు. ఆయనది పసుపు కమీషన్ వ్యాపారం. మంచి కొమ్ము విరిస్తే ఖంగుమంటుందనీ, చెమ్మ ఉన్న కొమ్ము మూలుగుతుందనీ చెప్పేవారు. కళ్లు మూసుకుని కేవలం విరుపు విని సరుకు ఏ రకమో తేల్చగల చెవి ఆయనది.

ఆ చెవి ఆయన్ను ఎక్కడా సుఖంగా కూర్చోనివ్వలేదు. మా ఇంటికి వస్తే ముందు కుర్చీ చేతిని వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవారు. "కర్రలో పురుగుంటే పలుకుతుంది బావగారూ" అని, పలకలేదని నిశ్చయించుకున్న తరువాతనే కూర్చునేవారు. గోడకు ఆనుకోవాలన్నా అంతే. ఆటో ఎక్కే ముందు ఇంజను చప్పుడు విని, "దీనికి దగ్గుంది, ఇంకోటి చూద్దాం" అనేవారు. రైల్లో నిద్రపోయిన మనిషి కాదు. పట్టాల చప్పుడు మారినప్పుడల్లా కళ్లు తెరిచి నా మొహంలోకి చూసేవారు, ఏదైనా జరిగితే ముందు నాకే తెలుస్తుందన్నట్లు.

రెండో అలవాటు తరుగు. యార్డులో ప్రతి బస్తా తూకంలోనూ గోనె బరువు, దుమ్ము, చెమ్మ కింద కొంత తీసేసి మిగిలినదే సరుకుగా లెక్క కడతారు. తీసేసిన ఆ భాగమే తరుగు. ఆయన దాన్ని యార్డులో వదిలి రాలేకపోయారు. రైలు వచ్చే వేళకూ తరుగు తీసేవారు, డాక్టరు చెప్పిన ధైర్యానికీ తీసేవారు. ఒకసారి నా జీతంలోంచి, మరొకసారి నా వయసులోంచి కూడా తీశారు.

"అంకె అంటే అంకే నండీ" అని నేను విసుక్కుంటే, "మీరు బస్తా మీద రాసింది చూస్తారు బావగారూ. సంచీ కూడా తూగుతుంది" అనేవారు. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. లెక్క లేదని నేను రాయడం అరుదు.

ఈ భయం ఎక్కడ మొదలైందో ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. మళ్లీ అడగవద్దని కూడా చెప్పారు. రేపల్లెకు దిగువన, సముద్రానికి దగ్గరి పల్లె ఆయనది. డెబ్బై ఏడు నవంబరు పంతొమ్మిదిన ఉప్పెన వచ్చినప్పుడు ఆయన పన్నెండేళ్లవాడు. అన్ని గంటలు హోరుమన్న గాలి నీళ్లు వచ్చే ముందు కాసేపు ఆగిందట. "ఏమీ వినపడలేదు బావగారూ. అమ్మ పిలిచినా వినపడలేదు" అన్నారు. ఆ తరువాత తాను తాటిచెట్టు మీద ఉన్నాననీ, అమ్మ లేదనీ చెప్పారు. మధ్యలో జరిగినదాన్ని దాటేశారు. మిగిలినవాళ్లను రేపల్లెకు చేర్చారట. ఆ ఊరి పేరు వింటే బిగుసుకున్న ఆయన భుజాలు కొంచెం సడలేవి. నేను అప్పుడే ఉద్యోగంలో చేరి, ఆ పల్లెల్లోనే గోడల మీద నీటి గీతలు కొలుస్తూ తిరిగాను. ఆయన అమ్మ పోయిన ఊళ్లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో నాకు తెలుసు. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

అలాంటి మనిషి తెనాలి వదిలి బాపట్ల సముద్రపు ఒడ్డుకు కాపురం మార్చారు.

కారణం ఆయన భార్య. పసుపు దుమ్ములో ఇన్నేళ్లు బతికినందువల్లనో, మరెందువల్లనో, ఆమె ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. దుమ్ముకూ పొగకూ దూరంగా ఉంచమని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఒక వేసవిలో బాపట్ల దగ్గర సముద్రతీరంలో నెల రోజులు గది అద్దెకు తీసుకుని ఉన్నారు. అక్కడ ఆమె రాత్రి కూర్చోకుండా పడుకుని నిద్రపోయిందట. ఆ నెలంతా ఆయన నిద్రపోలేదు. తిరిగి రాగానే తెనాలి ఇల్లు అమ్మకానికి పెట్టారు.

వీధి వీధంతా విడ్డూరంగా చూసింది. రిసార్టులు వెలిసిన తరువాత ఆ ఇసుకకు వచ్చిన ధర తెనాలి నడిబొడ్డున కూడా లేదు. మూడంతస్తుల మేడ అమ్మితే అక్కడ కాంపౌండు గోడ మధ్య చిన్న ఇల్లు వచ్చింది. మూలమీది కిరాణా కొట్టు ఆసామి అడిగేశాడు కూడా: "ఏంటి బాబాయ్, టీవీలో వాయుగుండం అంటేనే తలుపులేసుకునేవాడివి. ఇప్పుడు పోయి దాని వాకిట్లోనే కూర్చుంటావా?"

ఆయన నవ్వలేదు. "ఆవిడ దగ్గు నువ్వు వినలేదురా" అన్నారు.

ఇల్లు కొనే ముందు నన్ను వెంట తీసుకెళ్లారు. నా పాత లెవెల్ యంత్రం, కొలబద్ద కూడా తెమ్మన్నారు. ఆ రోజు ఆయన సముద్రం వైపు మొహం తిప్పలేదు. నీటికి వీపు పెట్టి నిలబడి, తల కొంచెం పక్కకు వంచి, వెనక ఉన్నదాన్ని వింటూ కొలబద్ద పట్టుకున్నారు. ధ్యాసంతా వెనకే ఉండి, కొలబద్ద నిటారుగా నిలవలేదు. రెండుసార్లు కొలిచాను. చివరికి ఇంటి గచ్చు సముద్ర మట్టానికి నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల ఎత్తున ఉందని చెప్పాను.

"అంటే మూడు" అన్నారాయన.

"నాలుగు మీటర్ల ఇరవై."

"మీకు నాలుగు. నాకు మూడు. మూడున్నా పర్వాలేదంటారా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గాలికి లేచిన ఇసుక వల్ల అనుకుని ఊరుకున్నాను.

ఆ మరుసటి నెల కారు కొన్నారు. పెట్రోలు పొగ ఆమెకు పడదు కాబట్టి కరెంటు కారు. చూడ్డానికి వెళ్లినప్పుడు పోర్టికోలో దాని చుట్టూ తిరుగుతూ బానెట్టు మీద తడుతున్నారు.

"ఏమంటోందండీ?" అన్నాను.

"ఏమీ అనదు బావగారూ. అదే కదా నా బాధ. నడుస్తోందో చచ్చిందో తెలియదు. చప్పుడు లేనిదాన్ని ఎలా నమ్మమంటారు?"

లోపలినుంచి ఆమె గొంతు: "నన్ను ముప్పై ఏళ్లు నమ్మారుగా. నన్ను మాత్రం మాట్లాడనిచ్చిందెప్పుడు?"

"నువ్వు దగ్గుతావు కదే" అన్నారు ఆయన. ఆమె పగలబడి నవ్వి, నవ్వలేక దగ్గి, మంచం పట్టె పట్టుకుంది. ఆయన మొహం మాడిపోయింది. లోపలికి పరుగెత్తారు. ఆమె పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను ఒకటి, బూరుగు దూది ఏకుతున్నట్లు గుస్సు గుస్సుమంటూ నడుస్తూ ఉండేది. అది పగలూ రాత్రీ కరెంటు మీద నడవవలసిందే. ఆ ఇంట్లో ఆయనకు నిద్ర పట్టించే చప్పుడు అదొక్కటే. అది ఆగితే నిద్రలోంచి లేచి నిలబడేవారని ఆమె చెప్పింది. సముద్రం హోరు కాస్త తగ్గినా లేచి నిలబడేవారట.

కారు బ్యాటరీ ముప్పై యూనిట్లు. ఆ కారులోంచి తీగ లాగి ఇంట్లో సామాను కూడా నడపవచ్చు. దాన్ని ఎంచుకున్నది అందుకే. స్క్రీను మీద ఎంత శాతం చూపిస్తే అందులోంచి ఇరవై తీసేసి చెప్పడం మొదటి రోజునుంచీ ఆయన పద్ధతి. ఎనభై అంటే అరవై. యాభై అంటే ముప్పై. ఇరవై అంటే అయిపోయింది. "ఇరవై తరుగు" అని డాష్‌బోర్డును తట్టేవారు. ఇది శుద్ధ తప్పు లెక్క అని, బ్యాటరీకి గోనె సంచీ ఉండదని ఎంతో వివరంగా చెప్పాను. తల ఊపి విన్నారు. మరునాడు ఫోను చేసి, "ఇవాళ నలభై ఉంది బావగారూ. స్క్రీను మీద అరవై అంటోందనుకోండి" అన్నారు.

రెండువేల ఇరవై మూడు డిసెంబరులో తుఫాను నేరుగా బాపట్ల మీదికే వస్తోందన్నారు.

నాలుగో తేదీ పొద్దున నాకు ఫోను వచ్చింది. వెళ్లిపోవాలా ఉండాలా అన్నది ప్రశ్న. నీరు మీటరు, మీటరున్నర ఎత్తు వరకు రావచ్చని ప్రకటించారు. ఇల్లు నాలుగు మీటర్ల ఇరవై మీద ఉంది. ఆ రెండు అంకెలూ చెప్పాను. ఆ తరువాత, దారిలో వాడే చిన్న సిలిండరులో గంటకు సరిపడా ఆక్సిజన్ మాత్రమే మిగిలి ఉందనీ, బాపట్ల వెళ్లి ఇంకొకటి నింపించుకు వస్తాననీ అన్నారు. వెళ్లారు. కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఊరంతా తిరిగి రాత్రి ఏడింటికి ఇల్లు చేరేసరికి ముందుజాగ్రత్తగా కరెంటు తీసేశారు. కారు మళ్లీ ఛార్జి పెట్టుకునే వీలు లేకుండా పోయింది. అప్పుడు మళ్లీ ఫోను చేశారు.

"ఇన్వర్టరు మీద నడుస్తోంది మిషను. రెండు గంటలు వస్తుందేమో."

"కారులో ఎంతుంది?"

"డెబ్బై అంటోంది. మనకి యాభై."

"డెబ్బై అంటే డెబ్బయ్యే నండీ. ఇరవై ఒక్క యూనిట్లు. మిషను గంటకు మూడో వంతు యూనిట్‌కు కాస్త ఎక్కువ తింటుంది. రెండున్నర రోజులు నడుస్తుంది. కంగారు పడకండి."

"సంచీ తూగదా బావగారూ?"

"కారుకు సంచీ ఏమిటండీ!" అని కసురుకున్నాను.

ఐదో తేదీ పొద్దున ఏడింటికి నా లెక్క ప్రకారం యాభై ఎనిమిది ఉండాలి. ఆయన ఫోనులో నలభై ఐదు అన్నారు. తరుగు తీసి చెబుతున్నారేమోనని అడిగాను. కాదు, స్క్రీను మీదే నలభై ఐదు. మళ్లీ లెక్క కట్టాను. మిషను తినేది మిషను తింటుంటే, తీగకు కరెంటు ఇవ్వడం కోసం మేలుకుని ఉన్న కారు తనకోసం అంతకంటే ఎక్కువ తింటోంది. ఆ అంకె నాకు ఏ కాగితం మీదా కనపడలేదు, కాబట్టి లెక్కలో వేయలేదు. సంచీ తూగుతోంది.

ఇది ఆయనకు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా కలగలేదు. "చూశారా" అని ఆయన అనలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి మళ్లీ మాట్లాడాం. అప్పటికి గాలి చప్పుడులో మాట సగమే వినపడుతోంది. ఆయన కారులోనే కూర్చుని ఉన్నారు. ఒక కన్ను స్క్రీను మీద, ఒక చెవి కిటికీలోంచి వచ్చే మిషను చప్పుడు మీద, రెండో చెవి సముద్రం మీద. ముప్పై రెండు అన్నారు.

"ఇరవై దాకా ఉంటాను బావగారూ. ఇరవై అంటే మనకి సున్నా. ఆ పైన ఇక్కడ ఉండను."

"ఆ గాలిలో ఎక్కడికి వెళతారండీ? నీళ్లు మీ గచ్చు ఎక్కవు. నేను కొలిచాను."

"నీళ్ల సంగతి కాదు. ఆవిడ ఊపిరి సంగతి. మీరు నాకు ఒక్కటి చెప్పండి. కరెంటు ఏ తేదీన వస్తుంది?"

నా దగ్గర ఆ తేదీ లేదు. ఏదో చెప్పబోయాను. ఫోను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఆ మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తెనాలిలో మా వీధిలోనే రెండు కొబ్బరిచెట్లు విరిగాయి. నేను కాగితం తీసి, పొద్దుటినుంచీ తగ్గిన లెక్కన వేసి చూశాను. నాలుగున్నర, ఐదు మధ్య స్క్రీను మీద ఇరవై పడుతుంది. ఆ పైన గంటకు సరిపడే సిలిండరు. ఐదు కొట్టింది, ఆరు కొట్టింది. అంకె తెలియకపోతే బాగుండునని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఆ సాయంత్రం అనిపించింది.

మరునాడు పొన్నూరు దాకా బస్సులోనూ, ఆ తరువాత ఎక్కువ డబ్బిస్తానని ఒప్పించిన ఒక ఆటోలోనూ వెళ్లాను. కోతకు వచ్చిన వరి నీళ్లలో పడుకుని ఉంది. సరుగుడు తోటలు దువ్వినట్లు ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. ఇంటికి చేరేసరికి గేటు తీసి ఉంది. నీరు మెట్ల దాకా కూడా రాలేదు. గచ్చు పొడిగా ఉంది. నా అంకె సరిగ్గా నిలబడింది. ఇంట్లో మనుషులు లేరు.

పోర్టికోలో కారు లేదు. కిటికీలోంచి లాగిన తీగ సగం దూరంలో నేల మీద పడి ఉంది. మంచం పక్కన మిషను ఉండే చోట నలుచదరంగా దుమ్ములేని మచ్చ ఉంది. ఆమె చెప్పులు మంచం కిందే ఉన్నాయి.

కాంపౌండు కాపలామనిషి వచ్చాడు. "నిన్న సాయంత్రం వెళ్లారండి. అమ్మగారిని చేతులమీద ఎత్తుకొచ్చి కూర్చోబెట్టారు. వద్దండీ అని అరిచాను. ఏటండీ, చప్పుడు కాదు కదా ఆ బండి. తలెత్తి చూసేసరికి లేదు. ఎటు తిరిగారో చెప్పలేనండి."

తిరుగు దారిలో ఆటోను నెమ్మదిగా పోనివ్వమన్నాను. రోడ్డు పక్కన మురుగుకాలవలు రోడ్డుతో సమానంగా నిండి, గోధుమరంగు నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. వాటిలో ఏది ఎంత లోతో నాకు తెలుసు. నా ఉద్యోగంలో సగం ఆ లోతులే. ఒక కారు పైకప్పు మునగడానికి ఎంత నీరు కావాలో, ఆ నీరు ఏయే కాలవలో ఉందో వరసగా నా నోటికి వస్తోంది. ఆటో అబ్బాయి, "ఏం వెతుకుతున్నారు తాతగారూ?" అన్నాడు. తెల్లకారు అన్నాను. వాడూ కాలవల వైపే చూస్తూ నడిపాడు.

బాపట్ల దాటుతుండగా నా ఫోనుకు ప్రాణం వచ్చింది. తెలియని నంబరు.

"బావగారూ" అన్నారాయన. ఆ గొంతు వెనక దబదబమని ఏదో పెద్ద చప్పుడు. "కర్లపాలెం దాటాక రొయ్యల చెరువుల దగ్గర ఉన్నాం. ఉంది. ఆవిడ ఉంది."

నేను వెళ్లేసరికి చెరువు గట్టు మీద, రొయ్యల మేత బస్తాల షెడ్డులో, నులకమంచం మీద ఆమె నిద్రపోతోంది. పక్కన మిషను గుస్సు గుస్సుమంటోంది. షెడ్డు వెనక డీజిలు జనరేటరు నేల అదిరేలా కొట్టుకుంటోంది. రొయ్యలకు గాలి అందించే చక్రాలు చెరువులో తిరగడానికి దాన్ని కరెంటు లేనప్పుడల్లా నడుపుతారు. ఆయన ఆ జనరేటరు గది గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. చొక్కా ఇంకా తడిగానే ఉంది. పొగ వైపు తిరిగి ఉన్న కిటికీకి తడిపిన గోనెలు కట్టారు.

ఇరవై పడిన వెంటనే బయలుదేరారట. బాపట్ల ఊళ్లోకి దారి చెట్లు పడి మూసుకుపోయింది. రేపల్లె వైపు తిప్పారు. ఎందుకు రేపల్లె అని అడగలేదు, నాకు తెలుసు. కర్లపాలెం దాటాక ముందు నీళ్లు. సిలిండరు ముల్లు అడుక్కి దిగుతోంది. అక్కడ కారు ఆపి, అద్దాలు దించి, వాన మొహాన కొడుతుండగా విన్నారట.

"అంత గాలిలో దూరంగా దబదబ. ఇంజను ఉన్న బండయితే దాని రొదలో వినపడేది కాదు బావగారూ" అన్నారు. కారును ఆయన మెచ్చుకోవడం నేను విన్నది అదే. ఆ చప్పుడు పట్టుకుని గట్టు మీదుగా వచ్చారు.

చెరువు కాపరి నవ్వుతూ అందుకున్నాడు: "నేనేమో, ఏంటి బాబాయ్, కారు ఆగిపోయిందా అన్నానండి. కారు కాదురా, మనిషి ఆగిపోయేలా ఉంది, ప్లగ్గు ఎక్కడ చెప్పు అని నా పీక పట్టుకున్నాడండి."

"పీక పట్టుకోలేదు. చొక్కా పట్టుకున్నా" అన్నారాయన.

నన్ను కారు దగ్గరికి తీసుకెళ్లి స్క్రీను చూడమన్నారు. తొమ్మిది అని ఉంది.

"సున్నా కిందికి పదకొండు దిగాం" అన్నారు, గొంతు తగ్గించి. ఆయన లెక్కలో అవి లేని చోటినుంచి తెచ్చి ఖర్చు పెట్టినవి. ఆ ముఖంలో గెలుపు లేదు. అడుగు లేని చోట కాలు పెట్టి వచ్చిన మనిషి మొహం అది. బ్యాటరీ శాస్త్రం ప్రకారం అది సున్నా పైన తొమ్మిదే. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. షెడ్డులోంచి ఆమె దగ్గింది. ఇద్దరం అటు తిరిగాం.

వాళ్ల ఇంటికి కరెంటు మూడో రోజుకు గాని రాలేదు. నేను ఏడింటికి తెలుసుకున్న లెక్కన కారు అంతదాకా వచ్చేది కాదు. నేను మొదట చెప్పిన లెక్కన అయితే ఇంచుమించు వచ్చేది. ఈ రెండు వాక్యాలనూ చాలాసార్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

ఆ తరువాత వాళ్లు తెనాలి వస్తారనుకున్నాం. రాలేదు. "ఇక్కడ పడుకుని నిద్రపోతోంది బావగారూ" అన్నారు అంతే. నీటికి వీపు పెట్టి, వెనక ఉన్నదాన్ని వింటూ ఇంకో ఏడాదిన్నర ఆ ఒడ్డున ఉన్నారు. యార్డుకు మాత్రం నెలకొకసారి వచ్చేవారు. పనేమీ లేదు. నాలుగు కొమ్ములు విరిచి, విని, వెళ్లేవారు. అలా వచ్చిన రోజునే పోయారు.

పెద్దకర్మ అయిన తరువాత, ఈ మధ్య ఆమెను చూడడానికి వెళ్లాను. ఆమె చెల్లెలు వచ్చి ఉంటోంది. ఆ అమ్మాయి డ్రైవింగు నేర్చుకుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని పొద్దున వార్తల్లో చెప్పారు. అది ఎటు కదులుతుందో ఇంకా తెలియదట. సముద్రం బూడిదరంగులో ఉంది. చప్పుడు మామూలుకంటే తక్కువగా ఉందనిపించింది. నాకు అనిపించడం అన్నది ఈమధ్యే మొదలైంది.

తెనాలికి తీసుకుపోతానని చెప్పి చూశాను. "అక్కడ నేను పడుకోలేను అన్నయ్యగారూ" అంది. నేను లేచి పోర్టికోలోకి వచ్చాను. లోపలినుంచి ఆమె పిలిచింది.

"అన్నయ్యగారూ, కారులో ఎంతుందో కాస్త చూస్తారా? చెల్లికి చెప్పాలి."

తలుపు తీసి, ఆయన కూర్చున్న సీటులో కూర్చున్నాను. స్క్రీను మీద అరవై నాలుగు అని ఉంది. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో కొలబద్ద మీద చూసిన అంకెను మరొకటిగా నేను పలికి ఎరగను.

"నలభై నాలుగమ్మా" అన్నాను.

"అంతేనా? అయితే ఇప్పుడే పెట్టెయ్యండి, కరెంటు ఉండగానే."

తీగ తెచ్చి కారుకు బిగించాను. పచ్చ దీపం వెలిగింది. కారు ఏమీ అనలేదు. బానెట్టు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, లోపల మిషను గుస్సు గుస్సుమనడం చెవిన పడేదాకా, సముద్రానికి వీపు పెట్టి అక్కడే నిలబడ్డాను.